ఎర్రగడ్డ స్టాపు

మా సంగమేశుకు దినానికి రెండు గిలాసల నీళ్ళు. గోలీలు మింగెటందుకు, నోరు తడుపుకునెటందుకు, చాయతో సహా అన్నీ కలిపి రెండే. అంతకంటె ఎక్కువ తాగితే ఒంట్ల నిలుస్తయి, కాళ్ళు ఉబ్బుతయి, ఊపిరి ఆడదు. ఉచ్చ రాదు గద, ఏడికెల్లి పోవాలె ఆ నీళ్ళు? అందుకని కుండ మీద మూత పెట్టి, మూత మీద కారం నూరే బండ పెట్టిన. బండ జరిపితే చప్పుడైతది, నేను యాడున్నా ఇనవడ్తది. కొడుకు దూప దూప అంటుంటే కుండ మీద బండ పెట్టిన తల్లి ఇంకెక్కడన్న ఉందో లేదో నాకు తెల్వదు.

మాది ముత్తంగి. బొంబాయి రోడ్డుకు ఆనుకొనే ఇల్లు. నా పేరు మొగులమ్మ, ఏడో తరగతి దాక చదువుకున్న. తెలుగు పేపరు ఆగకుండ చదువుత గని ఇంగ్లీషు అక్షరాలు నాకు ఉట్టి గీతలు. మా ఆయన బాలప్ప ఒకప్పుడు కూలికి పోతుండె, పొలాలన్నీ గోదాములైనంక అదే పొలంల కట్టిన గోదాముకు వాచ్‌మన్ అయిండు. మాకు ఒక్కడే కొడుకు. ఇంటరు పాసై మందుల కంపెనీల ఆరేండ్లు పని చేసిండు. ఇరవై ఆరేండ్లు నిండినయి, ఇగ పిల్లను చూడాలె అనుకున్న ఏడే వానికి రెండు కిడ్నీలు పోయినయన్నరు.

బోరు నీళ్ళు తాగి అయిందా, కంపెనీల ఆవిర్లు పీల్చి అయిందా అని దవఖానల అడిగిన. డాక్టరమ్మ అవునన్లే, కాదన్లే. బీపీ ఎన్నడన్న చూపిచ్చుకున్నడా అని నన్నే ఉల్టా అడిగింది. ఇరవై ఆరేండ్ల పోరనికి బీపీ చూపియ్యాలని ఏ తల్లికి తోస్తది? నాకు తోయాలె అసలు. అన్నిటికీ ముందుగాల భయపడేదాన్ని నేనే. వాడు బడి నుంచి పావుగంట ఆలస్యమైతే లారీ కింద పడ్డడనుకొని రోడ్డు మీదికి ఉరికేదాన్ని. కుక్క మొరిగితే పాము వచ్చిందనుకుంట. ఫోను మోగితే ఎవరో పోయిన్రనుకుంట. ఇన్ని భయాలు పడ్డ గని, అసలు రావాల్సిన భయం ఒక్కటి రాలే.

ఈఎస్ఐ కార్డు మీద పట్నంల పెద్ద దవఖానకు రాసిచ్చిన్రు. మంగళారం, శుక్రారం డయాలసిస్. నాలుగు గంటలు మిషన్ మీద పండుకుంటే నెత్తురంతా కడిగి మళ్ళ ఒంట్లకు పంపిస్తరు. ఎడమ చేతికి ఆపరేషన్ చేసి నరం కలిపిన్రు, ఆ కాడ చెయ్యి పెడితే లోపల జుమ్మని కొట్టుకుంటది. ముత్తంగి నుంచి పటాన్‌చెరుకు ఆటో, అక్కడ రెండువందల పద్దెనిమిది నంబరు బస్సు ఎక్కితే గంటన్నర.

మొదటి మూడు నెలలు బాగనే ఉండె. బస్సుల జోకులేస్తుండె. మిషన్ కాడ పనిచేసే సత్తిబాబు కాకినాడ దిక్కు పిలగాడు. "ఏమండీ సంగమేశ్వర్ గారూ" అని అతననుడు, "గారు అంటే నాకు నవ్వొస్తదన్న" అని వీడనుడు. వచ్చేటప్పుడు నా సంచి గూడ వాడే పట్టుకుంటుండె. ఇగ పరవాలేదు, గిట్లనే ఎల్లిపోతది బతుకు అనుకున్న.

ఏమైందో ఏమో, దసరా ముంగట మాట తగ్గింది. ముందుగాల కేరంబోర్డు అటుక మీద పెట్టేసిండు. వాడు కంపెనీ గేటు కాడి హోటళ్ళ ఆడి గెలుచుకున్న బోర్డు అది. దోస్తులొస్తే పండుకున్నడని చెప్పుమనేటోడు. కొన్నొద్దులకు దోస్తులు రాకడ బంద్ చేసిన్రు, అప్పుడు ఒక్కడన్న వస్తలేడని అన్నడు. పొద్దంత గోడకు తిరిగి పండుకునుడే. ఏమన్న అడిగితే ఊ అంటడు. తింటవా అంటే ఊ, తినవా అంటే ఊ. ఆ ఊ ఇంటుంటే నాకు గోడకు నెత్తి కొట్టుకోబుద్దయితుండె.

మిషన్ ఏదన్న తేడా వస్తే టీ టీ టీ అని మొత్తుకుంటది. మా ఇంటి పక్కన గోదాముల లారీ ఎనకకు వచ్చేటప్పుడు గదే సప్పుడు. లారీ టీ టీ అన్నదంటే చాలు, పండుకున్నోడు దిగ్గున లేసి కూసుంటడు, రొమ్ము మీద చెయ్యి పెట్టుకుంటడు. ఒళ్ళంతా చెమట. నా గుండె ఆగుతున్నదమ్మా అంటడు. నేను నరం కాడ చెయ్యి పెట్టి చూస్తే జుమ్మని కొట్టుకుంటనే ఉంటది. ఏం కాలేదు బిడ్డా అంట, గని నా గుండె వాని గుండెకంటె జోరుగ కొట్టుకుంటుంటది. ఒకలకు ధైర్యం చెప్పే మనిషినా నేను? వాళ్ళ నాయిన ఏమో కొత్త చెప్పుల లెక్క, వారం రోజులకు అలవాటైతది అంటడు. ఆయనకు అన్నీ అలవాటైతయి.

అక్టోబరు నెలల ఒక మంగళారం సంగమేశు మిషన్ మీద ఏడ్సిండట. నొప్పికి కాదు. కండ్లల్లకెల్లి నీళ్ళు కారుతనే ఉన్నయి, వాడు తుడుసుకుంటనే లేడట. సత్తిబాబు చూసి డాక్టరమ్మకు చెప్పిండు. ఆమె నన్ను పక్కకు పిలిచి ఒక చీటీ రాసిచ్చింది. ఈ రోగం ఉన్నోళ్ళల్ల మస్తు మందికి మనసు కుంగిపోతది, భయాలు వస్తయి, దానికి వేరే డాక్టరుంటడు, మందులుంటయి, తీస్కపోయి చూపియ్యిన్రి అన్నది. తర్వాత ఇంకేదో చెప్పింది గని నా చెవుల కెక్కలే. మనసు డాక్టరు అన్న కాడనే నా పాణం పోయింది. ఆమె పెదవులు కదులుతుంటే నాకు ఎర్రగడ్డ పిచ్చి దవఖాన గేటు కనవడ్డది.

ఎర్రగడ్డ అంటే మా దిక్కు ఇంకో అర్థం లేదు. పిల్లలు అల్లరి చేస్తే నిన్ను ఎర్రగడ్డల ఇడుస్త అంటం. ఎవలన్న ఎడ్డిమాట మాట్లాడితే వీనికి ఎర్రగడ్డ టికెట్ కొట్టిన్రి అని నవ్వుతం. నేను గూడ నవ్విన్నే. మా వాడకట్టుల యాదన్న అని ఒకాయన ఉండు. తమ్ముడు సచ్చిపోయినంక తిండి మానేసి తిరుగుతుంటే అక్కడ రెండు నెలలు ఉంచుకొని, బాగుజేసి పంపిన్రు. మంచిగనే వచ్చిండు, మంచిగనే పని చేసుకుంటున్నడు. అయినా ఆ ఇల్లు ఎర్రగడ్డోళ్ళ ఇల్లయి కూసున్నది. ఆయన బిడ్డకు వచ్చిన రెండు సంబంధాలు ఊరి పొలిమేర కాడనే ఎనుకకు తిరిగినయి.

మా వానికి ఎట్లన్న వాళ్ళ మేనమామ కిడ్నీ ఇస్తడు, ఆపరేషనైతది, పెండ్లి చేస్త అని నేను లోపల లోపల అల్లుకుంటున్న. కిడ్నీ పోయినోడంటే జాలి పడ్తరు. ఎర్రగడ్డకు పోయినోడంటే ఏం పడ్తరు? చీటీ నాలుగు మడతలు పెట్టి జాకెట్ల దోపుకున్న. ఇంటికొచ్చి జిలకర డబ్బల అడుగుకు పెట్టిన. సంగమేశుకు చెప్పలే. మా ఆయనకు చెప్పలే. డాక్టరమ్మ పదిహేను దినాలకు చూపిచ్చిన్రా అని అడిగితే చూపిచ్చినం అని అబద్ధమాడిన. ఏమన్నడు అంటే, మంచిగైతదన్నడు అన్న. ఆ అమ్మకు వంద మంది రోగులు, ఇంకేం అడుగుతది?

అప్పుడప్పుడు ఎవ్వలు లేనప్పుడు చీటీ తీసి చూసేదాన్ని. ఇంగ్లీషు గీతలు. పన్నెండు అంకె ఒక్కటి నాకు తెలిసింది, తారీఖేమో అనుకున్న. మళ్ళ మడిచి పెట్టేదాన్ని.

ఏం జేస్తం, పట్నం బస్సు ఆ ఎర్రగడ్డ మీదికెల్లే పోతది. వారానికి రెండు మాట్ల పోను, రెండు మాట్ల రాను. కండక్టరు ఎర్రగడ్డ ఎర్రగడ్డ అని అరిస్తే నేను ఇంకో దిక్కు చూసేదాన్ని. అదే స్టాపు కాడ రైతుబజారు ఉంది. మా పక్కింటి బీరమ్మ పాలకూర, గంగవాయిలాకు గంపల పెట్టుకొని వారానికి నాలుగొద్దులు అక్కడికే పోతది. దిగుకుంట ప్రతిసారి, వదినె, మీ దవఖాన ఇంకెంత దూరం అని అడుగుతది. ఊర్ల ఏ ముచ్చటైనా బీరమ్మ గంపల పడ్డదంటే రైతుబజారు దాక పోతది, మళ్ళ ఊరికి వస్తది. ఆ మనిషి కండ్ల ముందల నా కొడుకును పట్టుకొని ఎర్రగడ్డల దిగుతనా? బతికుండగ దిగ అనుకున్న.

చీటీ దాచిపెట్టి నేను ఉత్తగ కూసోలే. చెయ్యనిది లేదు. మైసమ్మకు కోడిని కోసిన. దర్గాకు పోయి తాయెత్తు తెచ్చి వాని ఎడమ చేతికి కట్టిన. శుక్రారం సత్తిబాబు అది చూసి ఎన్నడు లేంది నా మీద గరమైండు. ఆ చేతికి దారం గూడ కట్టొద్దమ్మా, నరం మూసుకుపోతే మళ్ళీ ఆపరేషన్ చెయ్యాలి, దేవుడికి కుడి చెయ్యి చాలదా అన్నడు. కొడుకు ముందల మాట పడ్డ. వాడు నన్ను చూడలే, గోడను చూసిండు. దవఖాన గోడ గూడ వానికి మా ఇంటి గోడే.

ఇగ నాకు వేరే భయం పట్టుకుంది. ఈ పోరడు ఏమన్న చేసుకుంటడేమో అని. బట్టల తాడు తీసేసిన, బట్టలు ప్రహరీ గోడ మీద ఆరేసుడు మొదలు పెట్టిన. కొడవలి తీస్కపోయి బీరమ్మ ఇంట్ల పెట్టిన, మొద్దుబారింది వదినె నూరిపియ్యి అని సాకు చెప్పి. ఎలుకల మందు మోరిల పోసిన, ఎలుకలు ఎక్కువైనయి. తానం గది తలుపుకు గడియ ఉండె. మా ఆయన డ్యూటీకి పోయినంక స్క్రూడ్రైవర్ తోటి మొలలు తిప్పి గడియ ఊడదీసిన. మొలలు గూడ జిలకర డబ్బలనే ఏసిన.

ఆ దినం వాడు తానానికి పోయి తలుపు పెట్టబోయి అట్లనే ఆగిండు. గడియ ఉన్న కాడ నాలుగు బొక్కలు. వాడు బొక్కలను చూసిండు, నన్ను చూసిండు. తుప్పు పట్టింది, కొత్తది తేవాలె అన్న. వాడు ఊ అన్లే. తానం చెయ్యకుండనే వచ్చి పండుకున్నడు. తర్వాత నుంచి వాడు తానానికి పోతే బకీటు తలుపుకు అడ్డం పెట్టుకునేటోడు. నేను బయట నిలబడి నీళ్ళ సప్పుడు ఇనేదాన్ని. సప్పుడు ఆగితే, బిడ్డా సబ్బుందా అని కేకేసేదాన్ని. సబ్బుందని చెప్పీ చెప్పీ వానికి ఇసుగొచ్చింది. అడిగీ అడిగీ నాకొచ్చింది.

ఫిబ్రవరి నెల, శుక్రారం. ఎప్పటిలెక్క ఆరింటికి లేపిన. లేవలే. బిడ్డా, బస్సు పోతది అన్న. గోడకు తిరిగే ఉన్నడు. భుజం పట్టి ఊపిన. నేను రాను అన్నడు. బతిమిలాడిన, తిట్టిన, కాళ్ళు పట్టుకోబోయిన. ఏడు దాటింది. నాకు నోరు ఆగలే. నీ కోసం తాళ్ళు దాచి, కత్తులు దాచి, కునుకు తీయకుండ కాపలా కాస్తున్న, నువ్వు ఇట్ల చేస్తవా అన్న.

అప్పుడు వాడు నా దిక్కు తిరిగిండు. మొకం ఉబ్బి ఉంది, కండ్లు చిన్నగైనయి. కోపం గూడ లేదు ఆ మొకంల. సాఫ్ సీదా చెప్పినట్టు చెప్పిండు.

"తాళ్ళెందుకే అమ్మా దాస్తవు? నేను సావాలంటే తాడు గావాల్నా? వారానికి రెండు మాట్ల బస్సు ఎక్కకుంటె సాలు. పండుకుంటె సాలు."

మళ్ళ గోడకు తిరిగిండు.

నేను గడప మీద కూలబడ్డ. నాలుగు నెలల నుంచి ఇంట్ల సందుసందు ఎతికి దాచిన. దాయాల్సింది ఇంట్లనే లేదు. పొద్దుగాల లేసుడు, చెప్పులేసుకునుడు, బస్సెక్కుడు, గదే వాని పాణం. లేవబుద్ది పుట్టియ్యాలె, దానికే మందుందని చీటీ రాసిచ్చిన్రు, ఆ చీటీని నేను జిలకరల బొంద పెట్టిన. నా మీద నాకు వచ్చిన కోపం చెప్తే అర్థం కాదు. ఎవన్ని తిట్టాలె? బోరునా, కంపెనీనా, యాదన్నకు పేరు పెట్టినోళ్ళనా? ఆ పేరు పెట్టి నవ్వినోళ్ళల్ల నేను లేన్నా?

శనారం, ఐతారం రెండు దినాలు వాడు లేవలే. నీళ్ళు అడుగలే గూడ. కుండ మీది బండ తీసి పక్కకు పెట్టిన, అయినా అడుగలే. అది చూసి ఇంకింత భయమైంది. సోమారం మా ఆయన డ్యూటీ నుంచి రాంగనే డబ్బ ముందల పెట్టి అంతా చెప్పిన. చీటీ, అబద్ధం, గడియ, అన్నీ. తిడ్తడనుకున్న. తిడితే బాగుండు గూడ అనుకున్న. ఆయన చీటీని అటు తిప్పి ఇటు తిప్పి చూసిండు, ఆయనకు తెలుగు గూడ అంతంతే. "రేపు తీస్కపో" అన్నడు. "ఎవలన్న అడిగితే బాలప్పకు ఎర్రి లేసింది, ఆయన కోసం మందు అడుగపోతున్న అని చెప్పు. నాకేమన్న పెండ్లి చెయ్యాల్నా?"

ఇరవై ఎనిమిదేండ్ల సంసారంల ఆ మనిషి మాటకు నాకు ఏడుపొచ్చింది అదొక్కసారే.

మంగళారం తెల్లారంగ చూస్తే సంగమేశు పండుకొని లేడు. మంచం మీద కూసొని కిటికీ ఊచలు పట్టుకున్నడు. పండుకుంటె ఊపిరి అందుతలేదట. సావాలన్న పిలగాడే, గాలి కోసం ఊచలు పట్టుకున్నడు. కండ్లల్ల భయం. అంగీ తెచ్చి తొడిగిన, చెప్పులు కాళ్ళ కాడ పెట్టిన. లేసిండు. చీటీ కొంగుల ముడేసుకున్న.

పటాన్‌చెరుల బస్సెక్కితే లోపల బీరమ్మ. గంప కాళ్ళ సందున పెట్టుకొని, ఆకు మీద నీళ్ళు చల్లుకుంట కూసుంది. ఏం అల్లుడా, మొకం గట్లుంది, అత్తకు చెప్పకుండ కల్లు తాగొచ్చినవా అని అడిగింది. వాడు నవ్వలే. నేను వాని పక్కన కూసొని ఒక్కొక్క స్టాపు లెక్క పెట్టుకుంట పోయిన. చందానగర్, మియాపూర్, కూకట్‌పల్లి, మూసాపేట. కొంగు ముడి మీదికెల్లి చెయ్యి తీయలే.

కండక్టరు ఎర్రగడ్డ ఎర్రగడ్డ అన్నడు. బీరమ్మ గంప ఎత్తుకుంది. నేను లేసి నిలబడి, లే బిడ్డా, దిగాలె అన్న. బీరమ్మ ఆగింది. మీకు గూడ ఇక్కడనేనా, రైతుబజారుకా అన్నది. మా ఆయన పేరు చెప్పుమన్నడు గద, చెప్పొచ్చు. ఎందుకో ఆయన పేరు నోట్లకెల్లి రాలే. నా కొడుకుకు మనసు బాగలేదు, దవఖానకు తీస్కపోతున్న అన్న. బస్సుల ముందటి సీట్ల ఆడోళ్ళంత తిరిగి చూసిన్రు.

సంగమేశు నన్నే చూస్తున్నడు. ఎక్కడికమ్మా అన్నడు. ముడి ఇప్పి చీటీ చేతుల పెట్టిన. డాక్టరమ్మ రాసింది అన్న. వాడు మడతలు ఇప్పిండు, జిలకర గింజలు నాలుగు వాని ఒళ్ళె రాలినయి. చదివిండు. మళ్ళ చదివిండు. దిగేటోళ్ళు జల్దీ దిగున్రి అని కండక్టరు తలుపు కొడుతున్నడు.

"కూసో" అన్నడు.

"దిగాలె బిడ్డా, స్టాపు—"

"కూసో అమ్మా. ఇది ఇక్కడ కాదు. మన దవఖాననే. మనం మిషన్ ఎక్కే దవఖాన. రెండో అంతస్తు, పన్నెండో నంబరు రూము."

కూసున్న. నాలుగు నెలలు నేను కింద బల్ల మీద కూసొని వాని కోసం సూసిన. నా నెత్తి మీద రెండు అంతస్తుల పైన ఆ డాక్టరు ఉండె. మెట్లెక్కితే అయిపోతుండె. ఒక్క మాట అడిగితే అయిపోతుండె.

వాడు చీటీ మీద తారీఖు చూసిండు. అప్పుడు వాని గొంతు లేసింది. "అక్టోబర్ల రాసింది. ఇప్పుడు ఫిబ్రవరి. నాకు చదువొస్తది గదనే. నాకు ఇచ్చినా అయిపోతుండె. పండుకొని పండుకొని నేను పిచ్చోణ్ణైన అనుకున్న. నాకొక్కనికే గిట్లయితదనుకున్న. మందుంటదని ఒక్కమాట చెప్పలే. గడియ ఊడదీస్తవు గని చెప్పవా?"

బస్సంత ఇన్నది. వాడు అరుస్తున్నడు, ఊపిరి అందక ఆగుతున్నడు, మళ్ళ అరుస్తున్నడు. నేను తల వంచుకున్న. సిగ్గయింది. గని ఒక మాట చెప్త, నాలుగు నెలల సంది ఊ తప్ప ఏం ఇనని నేను ఆ అరుపును కండ్లు మూసుకొని ఇన్న. బీరమ్మ గంప నెత్తి మీదనే పెట్టుకొని నోరు తెరిచి నిలబడ్డది. బస్సు ఎర్రగడ్డ దాటిపోయింది. బీరమ్మకు తెలిసేసరికి ఈఎస్ఐ స్టాపు వచ్చింది. ఆపుర్రి ఆపుర్రి అని కండక్టరును తిట్టుకుంట దిగింది. దిగి కిటికీ కాడికొచ్చి, మా తమ్మునికి గూడ గిట్లనే ఉంది వదినె, ఆ రూము నంబరు ఎంత అన్నడు అల్లుడు అని అడిగింది. సంగమేశే చెప్పిండు, పన్నెండు అని.

దవఖానల సత్తిబాబు వాని బరువు తూచి నెత్తి పట్టుకున్నడు. ఆరు కేజీల నీళ్ళు ఎక్కినాయి నాయనా, ఇంకో రోజు ఆగితే నేను మాట్లాడేది నీతో కాదు, మీ అమ్మతో అన్నడు. నాలుగు గంటల మిషన్ ఐదు గంటలు పెట్టిన్రు. అయినంక వాడు తెల్లకాగితం లెక్క అయ్యిండు. పండుకుంటవా బిడ్డా అన్న. పైకి పోదం అన్నడు. మెట్ల మీద రెండు కాడ ఆగినం. వాడు నా భుజం పట్టుకోలే, గోడ పట్టుకున్నడు. కోపం ఇంకా ఉంది.

పన్నెండో నంబరు రూము ముందల బల్ల మీద పది మంది కూసున్నరు. చీరలు, ప్యాంట్లు, ఒకామె చేతుల టిఫిన్ డబ్బ. అందరూ మామూలు మనుషులే. ఒక్కలు గూడ ఎర్రగడ్డ అంటే నేననుకున్నట్టు లేరు. పేరు పిలిస్తే నేను గూడ లేసిన. లోపలి డాక్టరు నడీడు మనిషి, మీరు కాసేపు బయట కూసోండమ్మా అన్నడు. సంగమేశు లోపలికి పోయి తలుపు దగ్గరికి ఏసిండు. లోపలికెల్లి గడియ పడ్డ సప్పుడు ఇన్న.

గడియారం చూసిన, నలభై నిమిషాలు. వాడు ఏం చెప్తున్నడో, నా గురించే చెప్తున్నడో, కిటికీ ఉందో లేదో, దానికి ఊచలున్నయో లేవో. రెండు మాట్ల తలుపు దాక పోయిన. రెండు మాట్ల ఎనుకకొచ్చిన.

తర్వాత నన్ను పిలిచిండు. ఇది కిడ్నీ జబ్బుతో పాటు వచ్చే జబ్బే, గోలీలు పని చేసేటందుకు మూడు నాలుగు వారాలు పడ్తది, కిడ్నీకి పడే మోతాదే ఇస్తున్న, అప్పటిదాక ఒంటరిగ ఇడువొద్దు, గని ఊపిరాడకుండ గూడ చెయ్యొద్దు, ప్రతి మంగళారం మాట్లాడెటందుకు రమ్మన్నడు. నేను తలూపిన. మీరు ఎన్ని గంటలు నిద్రపోతున్నరమ్మా అని అడిగిండు. నేనా అన్న. మీరే అన్నడు. సంగమేశు, "ఆమె నిద్రపోదు సార్, చిన్నప్పటి సంది నేను సచ్చిపోతనని చూస్తుంటది" అన్నడు. అనుకుంట నవ్వలే గని, మూతి ఒక దిక్కు జరిగింది. నాకు గూడ ఒక చీటీ రాసిచ్చిండు. దాన్ని డబ్బల పెట్టలే.

గోలీలు మొదలైనంక రెండు వారాలు ఏం లేదు. వాడు గోడ దిక్కే, నేను గడప మీదనే. ఏం మందులివి అని వాడు రెండు మాట్ల పారేయబోయిండు. మూడో శుక్రారం మళ్ళ రానన్నడు. మా ఆయన చెప్పులు తెచ్చి వాని కాళ్ళకు తొడిగి, నడువు, నీతోని నేను గూడ వస్త, నన్ను చూసి డాక్టరు బెదురుతడు అన్నడు. వచ్చిండు. మరుసటి మంగళారం వచ్చిండు. ఇప్పుడు నెల దాటింది. కేరంబోర్డు ఇంకా అటుక మీదనే ఉంది. లారీ టీ టీ అంటే ఇంకా లేసి కూసుంటడు, గని గుండె ఆగుతున్నదనడు, నరం కాడ తనే చెయ్యి పెట్టి చూసుకుంటడు. దాహం తీరలేదు, తీరదు. రెండు గిలాసలు ఇప్పుడు వాడే కొలుసుకుంటడు. ఒక్కోనాడు మూడైతయి, నేను చూసి చూడనట్టు ఉండలేను, కొట్లాట అయితది.

మొన్న ఐతారం డబ్బల మొలలు తీసి, మా ఆయన తోటి గడియ బిగిపిచ్చిన. ఒక మొల దొరకలే, మూడింటి మీదనే ఉంది.

ఇయ్యాల మంగళారం. వాడు తానానికి పోయిండు. గడియ పడ్డది. నేను పొయ్యి మీద అన్నం ఇడిసిపెట్టి వచ్చి తలుపు పక్కన నిలబడ్డ. చెంబు సప్పుడు. మళ్ళ చెంబు. తర్వాత సప్పుడు లేదు. పది దాక లెక్క పెట్టిన. పదిహేను. నోరు తెరిచి మళ్ళ మూసుకున్న.

"సబ్బుందమ్మా" అని లోపలికెల్లి వాడే అన్నడు. "జరుగు ఆడికెల్లి. అన్నం మాడు వాసనొస్తుంది. బస్సు పోతది."